మామిడిపండ్ల అడుగున జాకీ

ఇర్వింగ్ నగరపు తెలుగువారిలో పాత ట్రక్కు గల ఏకైక వ్యక్తి కౌశిక్ అనీ, అటువంటి ట్రక్కులో జాకీని ఎక్కడ భద్రపరచాలన్న విషయంలో ఆయనను మించిన పండితుడు టెక్సాస్ రాష్ట్రంలోనే లేడనీ ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఆ జాకీని వాడటం ఆయనకు వచ్చా అని అడిగేవాళ్లు కొందరుంటారు. ప్రతి ఊళ్లోనూ అసూయాపరులుంటారు.

కౌశిక్‌ది నల్లగొండ. లాస్ కొలినాస్‌లో అద్దాల మేడ ఉన్న ఒక కంపెనీలో 'రెజీలియన్స్ ఆర్కిటెక్ట్'. అంటే కంపెనీ కంప్యూటర్లు ఎప్పుడైనా కుప్పకూలితే ఏం చెయ్యాలో ముందుగానే ఆలోచించి, అందమైన బొమ్మలు గీసి పెట్టడం. నిజంగా కుప్పకూలినప్పుడు చెయ్యవలసింది చేసేవాళ్లు వేరే దేశంలో ఉంటారు. వాళ్లు ఆ బొమ్మలు చూడరు. ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

మనిషి మంచివాడు. గ్రీన్ కార్డు వరసలో నిలబడి నిలబడి, ఇప్పుడు ఆ వరసనే సొంత ఊరనుకుంటున్నవాడు. ఈ దేశంలో ఉండాలా వద్దా అన్నది ఆయన చేతిలో లేదు. అది ఉద్యోగం చేతిలో ఉంది. ఉద్యోగం ఉండాలా వద్దా అన్నది ఒక మేనేజరు చేతిలో ఉంది. ఆ మేనేజరును ఆయన స్క్రీను మీద ఒక చిన్న గడిలో తప్ప ఎన్నడూ చూడలేదు. ఇలాంటి మనిషికి, తన ఇష్టప్రకారం ఇక్కడే ఉండు అని చెప్పడానికి లోకంలో ఒక్క వస్తువైనా కావాలి. ఆ వస్తువు జాకీ అయింది. ఎంతోమందికి అది కూడా దొరకదు.

ట్రక్కు వచ్చిన వైనం చిన్నదే. వీధి చివర ఉండే ఒక ముసలాయన ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే, కౌశిక్ టేబుల్ ల్యాంపు కొనడానికి వెళ్లి ట్రక్కు కొనుక్కొచ్చాడు. రెండువేల సంవత్సరం తర్వాత కొద్దికాలానికి తయారైన పికప్ బండి, ముందు కారులా సీట్లు, వెనక కప్పులేని తొట్టి, ఇటుక రంగు, తలుపు వేస్తే పాత బీరువా చప్పుడు.

"మనకి ట్రక్కెందుకు? మనం ఏం పండిస్తున్నాం?" అంది భార్య చంద్రిక. ఆమెది తెనాలి. బ్యాంకులో ఆడిటరు. ప్రశ్నలు వేయడం ఆమెకు వృత్తిరీత్యా అలవాటు.

"టెక్సాస్‌లో ఉన్నం చందూ. ట్రక్ ఉంటే నైబర్స్ చూసే చూపే వేరే ఉంటది."

అది నిజమే అయింది. ఎదురింటి అమెరికన్, అన్నేళ్లుగా కౌశిక్‌ను చూసి కనురెప్ప కూడా కదపనివాడు, ఆ వారం తన ట్రక్కు స్టీరింగు మీద నుంచి పలకరింపుగా రెండు వేళ్లు పైకి లేపాడు. కౌశిక్‌కు ఆ పూట అన్నం సయించలేదు. సంతోషంతో.

అయితే వారం తిరక్కుండానే వెనక నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. వెనక సీటు మడిచి చూస్తే, దాని వెనకాల గోడలో చిన్న గూడు. గూట్లో జాకీ, పక్కన రెక్సిన్ సంచిలో చుట్టిపెట్టిన వీల్ స్పానరు, పొడుగాటి ఇనుప కడ్డీలు. బండి చేసిన కంపెనీ వాళ్లు పెట్టిన చోటే అది. జాకీ గూట్లో కొంచెం వదులుగా ఊగుతోంది.

"పాత టవల్ ఏదైనా కుక్కు," అంది చంద్రిక.

టవలు కుక్కితే కథ అక్కడితో అయిపోయేది. కానీ కౌశిక్ ఆర్కిటెక్టు. పాత ట్రక్కుల యజమానులందరూ చేరే ఒక ఇంటర్నెట్ వేదికలో ఆయన ఆ రాత్రే ఒక ప్రశ్న పెట్టాడు: జాకీని ఎక్కడ పెట్టాలి?

తెల్లారేసరికి అమెరికా రెండుగా చీలిపోయి ఉంది. సీటు వెనకే ఉండాలన్నవాళ్లు కొందరు. బానెట్ కింద ఉండాలన్నవాళ్లు కొందరు. వెనక తొట్టిలో ఉండాలన్నవాళ్లలో మళ్లీ కుడివైపు వర్గం, ఎడమవైపు వర్గం. ఐడహో రాష్ట్రంలో ఒకాయన జాకీని పాత జీన్స్ ప్యాంటు కాల్లో దూర్చి పెడతాడు. ఆయన్ని ఉభయ పక్షాలూ వెలివేశాయి. జాకీని భార్య కార్లో పెట్టడమే శ్రేయస్కరమని ఒక వేదాంతి రాశాడు. మన కులసంఘాలు ఒకదాని గురించి ఒకటి రాసుకునే భాషలోనే, కాకపోతే ఇంగ్లీషులో, వీళ్లు ఒకరి గురించి ఒకరు రాసుకున్నారు. కౌశిక్‌కు పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించలేదు.

ఆయన అక్కడే స్థిరపడ్డాడు. మొదట శ్రోతగా, తర్వాత వక్తగా, చివరికి 'జాకీ మరియు పనిముట్ల భద్రత' అనే విభాగానికి మోడరేటరుగా ఎదిగాడు. ఆ పదవిని ఉద్యోగాల వెబ్‌సైటులో తన పేరు కింద 'లీడర్‌షిప్' అన్న చోట చేర్చాడు. ఇద్దరు డైరెక్టర్లు అభినందించారు.

ఈ అధ్యయన ఫలితమే ఆ చెక్కపెట్టె. ట్రక్కు తొట్టిలో, డ్రైవరు వీపు వైపు, ఈ చివర నుంచి ఆ చివరకు పట్టేలా మందపాటి ప్లైవుడ్‌తో చేయించలేదు, తానే చేశాడు. మూత పైకి తెరుచుకుంటుంది. లోపల నల్లటి ఫోమ్. ఆ ఫోమ్‌లో జాకీకి జాకీ ఆకారంలో, స్పానరుకు స్పానరు ఆకారంలో, కడ్డీలకు కడ్డీల ఆకారంలో గుంటలు. ప్రతి గుంట కిందా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పేరు. పెట్టెకు నంబర్ల తాళం. ఆ నంబరు ఆయన గ్రీన్ కార్డు దరఖాస్తు తేదీ. నిద్రలో లేపి అడిగినా చెప్పగల తేదీ లోకంలో ఆయనకు అదొక్కటే. పెళ్లిరోజు విషయంలో కొంచెం తడుముకుంటాడు.

పెట్టె పూర్తయిన ఆదివారం చంద్రిక దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆమె నమ్మకాలు ఆమెవి.

"కౌశిక్, ఎలాగూ ఇవాళ ఖాళీయే కదా. ఒకసారి టైరు ఊడదీసి మళ్లీ బిగించి చూద్దామా? ఇంటి ముందే," అంది.

కౌశిక్ ఆమె వంక జాలిగా చూశాడు. "ఇప్పుడు జాకీ తీస్తే ఫోమ్ పాడైతది చందూ."

ఆ నెలలోనే, దారిలో బండి ఆగితే వచ్చి ఆదుకునే సర్వీసుకు కడుతున్న చందా ఆపేశాడు. సంసిద్ధుడికి సాయమెందుకన్నది ఆయన వాదం. ఆ వాదాన్ని వేదికలో పెడితే చాలామంది బొటనవేళ్లు ఎత్తారు.

ఇంతటి వ్యక్తిని గుర్తించకుండా ఉండటానికి మన సంఘాలేమీ గుడ్డివి కావు. 'మెట్రోప్లెక్స్ తెలుగు సాంస్కృతిక సమాహారం' అధ్యక్షులు శేషగిరి గారు, 'సంసిద్ధత' అనే అంశం మీద మాట్లాడమని ఆయన్ని ఆహ్వానించారు. శేషగిరి గారికి మైకు ఇస్తే చాలు, ఏ విషయమైనా తెలుగుజాతి చరిత్రలో తొలిసారి జరిగినట్టు చెప్పగలరు.

"ఆపద వచ్చినప్పుడు ఆలోచించేవాడు సామాన్యుడు. ఆపద రాకముందే పెట్టె చేసినవాడు మన కౌశిక్ గారు!" అన్నారు.

చప్పట్లు. సభికులు బయటికి వెళ్లి పెట్టె చూశారు, మూత తెరిపించి ఫొటోలు తీసుకున్నారు, పిల్లల్ని ఫోమ్ ముట్టుకోవద్దని కసిరారు. కౌశిక్ స్నేహితుడు ఫణి కొత్తగా కరెంటు కారు కొన్నాడు. అతనికి ఒక సందేహం వచ్చింది.

"అన్నా, నా కార్ల జాకీ ఎక్కడుంటది?"

"నీ కార్ల జాకీ ఉండదు ఫణీ. స్టెప్నీ కూడా ఉండదు."

"మరి టైరు పోతే?"

"యాప్ ఉంటది."

ఈ పురోగతికి సభికులు మళ్లీ చప్పట్లు కొట్టారు.

జూన్ నెల వచ్చింది. అమెరికాలో తెలుగువాడికి జూన్ అంటే ఎండలు కావు, బంగినపల్లి మామిడిపండ్లు. అవి మన దేశం నుంచి విమానంలో వస్తాయి. సమాహారం వారు ప్రతి సంవత్సరం ఆర్డర్లు తీసుకుని తెప్పిస్తారు. ఈసారి విమానాశ్రయం గోదాము నుంచి ఇండియన్ స్టోరు పార్కింగు దాకా పండ్లను చేరవేసే బాధ్యతను, 'సంసిద్ధతకు మారుపేరైన' కౌశిక్ భుజాల మీద పెట్టారు. ఆయన ట్రక్కు మీద అన్నమాట.

శనివారం మధ్యాహ్నం. ఎండ వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటింది. చంద్రిక కూడా వెంట వెళ్లింది, కింద పడే పెట్టెల్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి కనుక. గోదాము మనుషులు అట్టపెట్టెల్ని తొట్టినిండా పేర్చారు. తొట్టి నిండాక చెక్కపెట్టె మూత మీద పేర్చారు. దాని మీద మళ్లీ పేర్చారు.

"కౌశిక్, జాకీ పెట్టె మీద కూడా పెట్టేస్తున్నారు."

"పెట్టనీ. పెట్టె గట్టిగుంది. ఏనుగెక్కినా ఏం కాదు."

"పెట్టెకేం కాదు సరే..." అని చంద్రిక ఇంకేదో అనబోయింది. కానీ ఆయన అప్పటికే పేర్చిన పెట్టెల ముందు నిలబడి ఫొటో తీసుకుంటున్నాడు. వేదిక కోసం.

హైవే ఎక్కిన కాసేపటికి వెనక కుడి టైరు పేలింది. డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగలేదు. పాత బండికి అలాంటి మర్యాదలు తెలియవు. ఒక పెద్ద చప్పుడు, తర్వాత తోలుచెప్పుతో రోడ్డును కొడుతున్నట్టు దబదబలు. కౌశిక్ బండిని మెల్లగా పక్కకు, తెల్లగీత అవతలికి తీసి ఆపాడు. పక్కనుంచి లారీలు వెళుతుంటే ట్రక్కు మొత్తం ఊగుతోంది.

దిగి టైరును చూశాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆయనకు కలిగింది భయం కాదు, ఒక రకమైన ఆనందం. ఇన్నాళ్ల తపస్సుకు దేవుడు ప్రత్యక్షమైనట్టు. గర్వంగా తొట్టి వైపు తిరిగాడు.

తొట్టినిండా మామిడిపండ్లు. వాటి అడుగున పెట్టె. పెట్టెలో జాకీ. జాకీ తన గుంటలో, తన పేరు మీద, సురక్షితంగా ఉంది.

"చెప్పబోయాను," అంది చంద్రిక.

శేషగిరి గారికి ఫోన్ చేశాడు. ఆయన స్టోరు పార్కింగులో, పండ్ల కోసం వచ్చిన జనం మధ్య ఉన్నారు. "ధైర్యంగా ఉండండి కౌశిక్ గారూ! లొకేషన్ గ్రూపులో పెట్టండి. సమాహారం మీ వెనక ఉంది!" అన్నారు.

చెప్పినట్టే సమాహారం ఆయన వెనక వచ్చింది. ఒకటి తర్వాత ఒకటి, కార్లు వచ్చి ట్రక్కు వెనక హైవే అంచున బారుగా ఆగాయి. ఫణి వచ్చాడు. ఎన్నడూ ఫోన్ ఎత్తనివాళ్లు కూడా వచ్చారు. మండుటెండలో కార్లు దిగి తన వైపు నడిచి వస్తున్న ఆ జనాన్ని చూస్తుంటే కౌశిక్ కళ్లు చెమర్చాయి. "చూసినవా చందూ. మనోళ్లు," అన్నాడు.

మనోళ్లు ఆయన్ని దాటుకుని తొట్టి దగ్గరికి వెళ్లారు.

"మావి మూడు పెట్టెలండీ, పేరు రాసుంటుంది చూడండి."

"ఇది మెత్తబడింది. వేరేది ఇవ్వండి."

"ఏసీ వేసి ఉంచాల్సింది కదండీ కౌశిక్ గారూ, పండ్లన్నీ వేడెక్కాయి," అంది ఒకావిడ. ట్రక్కు తొట్టికి ఏసీ కాదు కదా, కప్పే ఉండదు.

శేషగిరి గారు రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టించుకుని ఎక్కారు. "మిత్రులారా! ఇది విపత్తు కాదు, అవకాశం! జాతీయ రహదారి మీద బంగినపల్లి పంపిణీ జరగడం ఉత్తర అమెరికా తెలుగువారి చరిత్రలో ఇదే మొదటిసారి! దయచేసి తోసుకోవద్దు. ఆడవాళ్లు ఇటువైపు..."

కొందరు టైరును కూడా పట్టించుకున్నారు. దాన్ని ఫొటో తీశారు. ఒకాయన కాలితో తన్ని, "పోయింది," అని నిర్ధారించాడు. గాలి కొట్టి చూడమని ఇంకొకాయన సలహా ఇచ్చాడు. అరచెయ్యి పట్టేంత చీలిక లోంచి లోపలి ఇనుప చక్రం కనబడుతోంది. ఫణి మాత్రం నిజంగానే సాయం చేయడానికి ప్రయత్నించాడు. తన యాప్ తెరిచి చాలాసేపు నొక్కాడు.

"అన్నా, నా కారైతే కవర్ చేస్తరంట. నీ ట్రక్ చెయ్యరంట."

"నీ కారుకు ఏం కాలేదు కదరా."

"అదే కదన్నా బాధ," అన్నాడు ఫణి మనస్ఫూర్తిగా.

ఇంతలో ఎర్రనీలి దీపాలతో ఒక పోలీసు కారు వచ్చింది. అధికారి దిగి, హైవే పక్కన బారులు తీరిన కార్లనీ, పెట్టెల మీద నిలబడి ప్రసంగిస్తున్న పెద్దమనిషినీ, జనం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్న పసుపుపచ్చ వస్తువులనీ కాసేపు పరిశీలించాడు. ఇక్కడ అమ్మకం ఏమైనా జరుగుతోందా అని అడిగాడు. కల్చరల్ ఈవెంట్ అన్నారు శేషగిరి గారు. పాడైన బండి తప్ప మిగతావన్నీ వెంటనే కదలాలని అధికారి చెప్పాడు.

చట్టాన్ని గౌరవించడంలో మనవాళ్లకు సాటి ఎవరూ లేరు. అందులోనూ హెచ్-వన్-బి వీసా మీద ఉన్నవాళ్లు. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు అందరూ కదిలారు. "ఉందామనుకున్నాం అన్నా, ఆఫీసర్ పొమ్మన్నాడు." "ఏదైనా కావాలంటే మెసేజ్ పెట్టండి." "జాగ్రత్త." అధికారి ట్రక్కు వెనక రెండు నారింజ రంగు కోన్లు పెట్టి, ముందెక్కడో ప్రమాదం జరిగిందని రేడియోలో పిలుపు రావడంతో వెళ్లిపోయాడు.

కౌశిక్, చంద్రిక మిగిలారు. తొట్టి ఖాళీ అయింది. ఒక మూల మాత్రం నలిగిపోయిన అట్టపెట్టె ఒకటి, ఎవరూ వద్దని వదిలేసింది. వాళ్లు ఆర్డరు చేసుకున్న పెట్టెను ఎవరో పొరపాటున పట్టుకుపోయారు.

కౌశిక్ తాళం నంబరు తిప్పాడు. మూత పైకి లేచింది. నల్లటి ఫోమ్ మధ్య జాకీ తళతళ మెరుస్తోంది. దాన్ని రెండు చేతులా పైకి తీశాడు. టైరు దగ్గర కూర్చున్నాడు. జాకీని ఇలా పెట్టాడు, అలా పెట్టాడు. ఏ వైపు పైకి ఉండాలో, బండి కింద ఎక్కడ ఆన్చాలో, ఈ కడ్డీలు దేనికో ఆయనకు తెలియలేదు. ఏ వర్గమూ ఆ సంగతి ఏనాడూ చర్చించలేదు. ఒక లారీ ఊపుగా వెళ్లింది. దాని గాలికి ఆయన టోపీ ఎగిరి కంచె అవతల పడింది.

తలెత్తకుండానే అన్నాడు. "చందూ. నాకు రాదు."

ఇంట్లో ఆ మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. ఉద్యోగం పోతుందేమోనని నెలల తరబడి నిద్రపట్టనప్పుడు కూడా ఆయన 'నేను చూసుకుంటా' అనే అన్నాడు. చంద్రిక నవ్వుదామనుకున్నది మానేసింది. పక్కన కూర్చుంది.

"నాకూ రాదు. ఫోన్ ఇలా ఇవ్వు."

వీడియో దొరకడం కష్టం కాలేదు. ఇదే రకం ట్రక్కు, వేరే రంగు. గులాబీ చొక్కా వేసుకున్న ఒక అమెరికన్ మామ్మ, ఇంటి ముందు కుక్క పడుకుని ఉండగా, టైరు మార్చి చూపించింది. మొత్తం టీ కాగేంతసేపు. ఎండకు ఫోన్ ఆగిపోతుంటే చంద్రిక చున్నీ నీడ పట్టింది. మామ్మ ఒక మాట చెప్పడం, ఆపడం, వీళ్లిద్దరూ చెయ్యడం, మళ్లీ నడిపించడం.

కడ్డీలు ఎందుకో అప్పుడు తెలిసింది. వాటిని ఒకదానికొకటి తగిలించి, వెనక బంపరు పైనున్న రంధ్రంలోకి దూర్చి తిప్పితే, బండి అడుగున వేలాడే స్టెప్నీ గొలుసు మీద దిగుతుంది. ఆ స్టెప్నీని కౌశిక్ అంతవరకూ చూసి ఎరుగడు. దాని మీద ఏళ్ల నాటి బురద, ఒక పక్షి గూడు అవశేషాలు ఉన్నాయి. కానీ గాలి ఉంది. ఆయన దాని మీద చెయ్యి వేసి నొక్కి, మళ్లీ నొక్కి, చిన్నపిల్లాడిలా "ఉంది చందూ, గాలుంది!" అని అరిచాడు.

టైరు నట్లు మాత్రం పట్టు వదల్లేదు. కౌశిక్ స్పానరు మీద వేలాడాడు, దేవుణ్ణి తిట్టాడు, చొక్కా చించుకున్నాడు. నల్లగొండ బలం చాల్లేదు. చివరికి చంద్రిక చెప్పులు గట్టిగా తొడుక్కుని, ఆయన భుజం పట్టుకుని స్పానరు చివర ఎక్కి నిలబడింది. కిర్రుమని మొదటి నట్టు కదిలింది. "తెనాలి!" అంది ఆమె. ఆయన పడిపడి నవ్వాడు. ఆమె జారి ఆయన మీద పడింది. చూసేవాళ్లెవరూ లేరు గనుక ఇద్దరూ కాసేపు అలాగే కూర్చుని నవ్వారు.

స్టెప్నీ బిగించడం అయ్యాక వీడియోలో ఇంకా కొంచెం మిగిలింది. మామ్మ జాకీని సీటు వెనక గూట్లో పెట్టింది. దాని మరను చేత్తో ఒక్క చుట్టు తిప్పింది. జాకీ గూటి గోడలకు ఆనుకుని బిగుసుకుంది. ఇలా తిప్పకపోతే టకటకమంటుంది అని చెప్పి, కుక్కను నిమిరి, సెలవు తీసుకుంది.

కౌశిక్ ఆకాశం వైపు చూశాడు. చంద్రిక ఏమీ అనలేదు. వాళ్ల దాంపత్యంలో ఆమె చేసిన త్యాగాలన్నిటిలో అది పెద్దది.

తొట్టి అంచు మీద కూర్చుని నలిగిన పెట్టె విప్పారు. పైన పండ్లు చితికాయి కానీ అడుగున మంచివే ఉన్నాయి. కత్తి లేదు. మసిచేతులతోనే నొక్కి, ముచికె తుంచి, జుర్రుకున్నారు. రసం మోచేతుల దాకా కారింది. "ఇంత తియ్యగుంది ఏందే," అన్నాడాయన. ఆమె ఇంకో పండు ముచికె తుంచి ఆయన చేతిలో పెట్టింది.

జరిగినదంతా కౌశిక్ ఆ వారమే వేదికలో ఉన్నదున్నట్టు రాశాడు. తన పెట్టె తప్పని, గూడే ఒప్పని, అన్నిటికన్నా ముందు టైరు మార్చడం నేర్చుకోవాలని రాశాడు. చాలామంది స్పందించారు. ఫోమ్‌ను అంత నున్నగా దేనితో కోశారు అని అడిగారు. ఆయన మోడరేటరు పదవికి రాజీనామా చేశాడు. దానికి కూడా బొటనవేళ్లు ఎత్తారు.

సమాహారం మాత్రం ఆయన సేవను మరవలేదు. జూలైలో వార్షికోత్సవం పెట్టి, 'సంసిద్ధతా శిరోమణి' అనే బిరుదును ప్రకటించారు. పట్టు లాల్చీ వేసుకుని చంద్రికతో కలిసి కౌశిక్ బయల్దేరాడు. హాలు పార్కింగులో, గుమ్మానికి ఎదురుగానే, ఒక పాత సెడాన్ టైరు చతికిలబడి ఉంది. పక్కన ఒక అమ్మాయి ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. పేరు స్మృతి. ఈ ఊరికి వచ్చి నెల కూడా కాలేదు. సంసిద్ధత మీద సన్మానానికి వస్తున్నవాళ్లంతా ఆమె కారు చుట్టూ జాగ్రత్తగా తిరిగి, "టైరు పోయినట్టుందమ్మా," అని తెలియజేసి లోపలికి వెళుతున్నారు. లోపల భోజనాలు మొదలయ్యాయి.

"పట్టు లాల్చీతోనేనా?" అంది చంద్రిక. కౌశిక్ ట్రక్కులోంచి పాత టీషర్టు తీసి మార్చుకున్నాడు. స్మృతి కారు డిక్కీలో కార్పెట్టు ఎత్తితే జాకీ, స్టెప్నీ రెండూ ఉన్నాయి. అవి అక్కడ ఉంటాయని ఆ అమ్మాయికి తెలియదు. ఈసారి నట్లు త్వరగానే వదిలాయి. చంద్రిక ఎక్కి నిలబడటం అలవాటైంది.

"థ్యాంక్స్ అన్నా! రేటింగ్ ఎక్కడ ఇవ్వాలి?" అంది స్మృతి.

"ఏం అక్కర్లేదమ్మా. లోపలికి పో, భోజనం అయిపోతది."

గ్రీజు వదలని చేతులు టీషర్టుకు తుడుచుకుని, వాళ్లిద్దరూ లోపలికి వెళ్లేసరికి వేదిక మీద సన్మానం ముగిసింది. శిరోమణి పేరు మూడుసార్లు పిలిచారట. పలకకపోయేసరికి సమయపాలన దృష్ట్యా శాలువా ఫణికి కప్పారు. కౌశిక్, చంద్రిక వెనక వరసలో కూర్చున్నారు. టీషర్టు మార్చుకోవడం ఆయన మరిచిపోయాడు.

అంతలో స్మృతి వేదిక దగ్గరికి వెళ్లి మైకు అడిగింది. కొత్త అమ్మాయి, మైకును రెండు చేతులా పట్టుకుంది.

"బయట నా కార్ టైర్ పోయింది. ఏం చెయ్యాలో తెలీలేదు. ఈ అసోసియేషన్ వాళ్లు పార్కింగ్‌లోనే మెకానిక్‌ని పెట్టారు! అది కూడా మన తెలుగతన్నే పెట్టారు. నేనైతే ఇంత ప్లానింగ్ ఎక్కడా చూళ్లేదు. థ్యాంక్యూ శేషగిరి అంకుల్!"

శేషగిరి గారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, వినయంగా తల వంచారు. "అది మా బాధ్యత అమ్మా," అన్నారు.

"చెప్పవా?" అంది చంద్రిక మోచేత్తో పొడుస్తూ.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. కౌశిక్ కూడా లేచి కొట్టాడు. అరచేతుల నిండా గ్రీజు కావడంతో ఆయన చప్పట్లు మాత్రం ఎవరికీ వినపడలేదు.